లెక్కలు పాసవ్వాల్సింది నేను కాదు

పదో తరగతిలో నాకు లెక్కలంటే భయం లేదు. నా నేస్తానికి ఉండేది, అదే నా ప్రాణం మీదికి వచ్చింది. నేను పాసవుతానా లేదా అని మా బళ్ళో ఎవరికీ అనుమానం లేదు, నాకైతే అసలే లేదు. ఆ వయసులో నాకు కాస్త పొగరుండేదని మా అమ్మ ఇప్పటికీ అంటుంది. కానీ నేనొక్కదాన్నే పాసైతే పని జరగదు. మా వైపు ఆడపిల్లను గుంట అంటాం. ఆ గుంట కూడా పాసవ్వాలి. అది తప్పితే నా చదువు ఆ వేసవితోనే సరి.

మాది హుకుంపేటకు పైన, బస్సు దిగి కొండెక్కి నడవాల్సిన ఊరు. ఆరో తరగతి నుంచి ఆశ్రమ పాఠశాల హాస్టల్లో ఉండి చదువుకున్నాను. నేను తొమ్మిదిలో ఉండగా మా ఊరి అక్క ఒకామె ఇంటర్ చదవడానికి ఒంటరిగా మైదానానికి వెళ్ళింది. అక్కడ మాట కలిపేవాళ్ళు దొరకలేదు. దీపావళికి ఇంటికొచ్చి మళ్ళీ వెళ్ళనంది. ఆమె చదువు మానేసినందుకు మా అయ్య పెద్దగా బాధపడలేదు గానీ, బస్సు దిగిన రోజు ఆమె ఎంత చిక్కిపోయి ఉందో అది ఆయన మనసులో పడిపోయింది. పది మొదలైనప్పుడు నన్ను హాస్టల్లో దింపుతూ ఒకటే మాట చెప్పాడు.

"కిందికి ఒంటిగా అయితే పంపను. జోడుంటే పంపుతాను. ఇంక నన్నడక్కు."

మా అయ్య కోపిష్ఠి కాదు. కానీ ఆయన "ఇంక నన్నడక్కు" అన్నాక అడగడం దండగని మా ఇంట్లో మేకలకు కూడా తెలుసు.

పాడేరులోనే చదువుకోవచ్చు కదా అనొచ్చు మీరు. చదువుకోవచ్చు. కానీ నాకు బైపీసీ కావాలి, అదీ విజయనగరంలో ఒక ఆడపిల్లల కాలేజీలోనే కావాలి. మా సైన్స్ టీచరమ్మ అక్కడే చదివింది. ఆ కాలేజీ ల్యాబులో అద్దాల బీరువాలో నిలువెత్తు అస్థిపంజరం ఉంటుందని, దాని చెయ్యి పట్టుకుని ఎముకల పేర్లు నేర్చుకున్నానని ఒకసారి చెప్పింది. అంతే, నాకు పిచ్చి పట్టింది. పెద్దయ్యాక ఏమవుతావని అడిగితే డాక్టరనో నర్సనో ఏదో ఒకటి చెప్పేదాన్ని. లోపల మాత్రం ముందు ఆ అస్థిపంజరాన్ని చూడాలనే ఉండేది.

ఇక జోడు సంగతి. మా తరగతిలో ఎవరి దారి వారికి ముందే ఉంది. చాలామంది పాడేరు, అరకు అనుకున్నారు. ఒకరిద్దరికి పెళ్ళి మాటలు నడుస్తున్నాయి. మిగిలింది నా పక్కన కూర్చునే గుంట ఒక్కతే. గెడ్డకు, అంటే మా కొండవాగుకు, అవతలి ఊరు దానిది. ఇంట్లో వాళ్ళు ఒరియా కలిసిన మాట మాట్లాడతారు. బళ్ళో చేరిన కొత్తలో తెలుగు రాక నా వెనకాలే తిరిగేది, తర్వాత తెలుగులో నన్నే మించిపోయింది. పద్యం ఒకసారి వింటే చాలు. పాట సంగతి చెప్పక్కర్లేదు. విత్తు చేతిలో పెడితే ఏ చెట్టుదో చెప్పేస్తుంది. లెక్కల పుస్తకం తెరిస్తే మాత్రం ముఖం వాడిపోయేది.

"నువ్వు నాతో కిందికొస్తావా?" అని అడిగాను.

"నువ్వెల్తే నాను రానేటి?" అంది. దానికి అంతకంటే ఆలోచన అవసరం లేనట్టు చెప్పింది. నేను ఎగిరి గంతేశాను.

ఆ ఏడే, చిక్కుడు కొత్తల పండక్కి, మా అమ్మలిద్దరూ మాకు నేస్తం కట్టారు. కొత్తలంటే కొత్త పంటను ముందు ఊరి దేవతకు పెట్టి, ఆ తర్వాతే ఇంట్లో వాళ్ళు తినడం. ఆ రోజు మమ్మల్ని చాపమీద ఎదురెదురుగా కూర్చోబెట్టి, పసుపు కలిపిన బియ్యం నుదుట అద్ది, ఒకరి తలలో ఒకరితో బంతిపూలు పెట్టించారు. ఒకే ఆకులో చిక్కుడు గింజల కూర, సామన్నం తిన్నాం. ఆ పూట నుంచి మేము ఒకరి పేరు ఒకరం పలకకూడదు. నేస్తం అనే పిలవాలి. దాని అమ్మ నాకు అమ్మ, మా అయ్య దానికి అయ్య. పేరు పలికితే ఏమవుతుందని మా అమ్మను అడిగాను. "సిగ్గవుతాది" అంది. అంతకు మించిన శిక్ష మా దగ్గర లేదు.

ఇది హాస్టల్లో బాగానే నడిచింది గానీ, తరగతిలో ఇబ్బందైంది. మా లెక్కల మాస్టారు విజయనగరం పక్క పల్లెలో వ్యవసాయం చేసుకునే కుటుంబం నుంచి వచ్చిన మనిషి. పాఠం పుస్తకం భాషలో చెప్పి, తిట్టేటప్పుడు ఊరి మాటలోకి దిగేవాడు. ఒకరోజు నేస్తం నోట్సు ఖాళీగా ఉండటం చూసి నన్ను లేపాడు.

"నీ పక్కన కూకుంది, ఏటే దీని పేరు? బోర్డు మీద రాయి. ఈ నెలలో లెక్కలు సెయ్యనోల్ల పేర్లన్నీ రాద్దుము."

నేను సుద్దముక్క పట్టుకుని నిలబడ్డాను. పలకకూడదన్నారు, రాయొచ్చో లేదో ఎవరూ చెప్పలేదు. తరగతంతా నవ్వుతోంది. చివరికి వెనక బెంచీ నుంచి ఎవరో అరిచారు, "ఆల్లిద్దరూ నేస్తం కట్టుకున్నారు సార్!"

మాస్టారు నా చేతిలోంచి సుద్దముక్క తీసుకున్నాడు. "మా అమ్మకీ ఉన్నాది నేస్తం" అన్నాడు. "ముసిలిదయిపోయినాది, పేరెట్టి పిలవడం నానెప్పుడూ ఇన్లేదు." తర్వాత ముఖం మళ్ళీ గట్టిగా పెట్టుకున్నాడు. "సరే. నేస్తానికి లెక్క రాకపోతే నేస్తమే నిలబడాలి. ఇద్దరూ నిలబడండి."

అప్పటి నుంచి అది తప్పు చేసినప్పుడల్లా నేనూ నిలబడ్డాను. బోర్డు దగ్గర మొదటి బెంచీ దానినైన నన్ను అలా నిలబెడితే ఒళ్ళు మండిపోయేది. దాంతో రోజూ తెల్లవారుజామున స్టడీ అవర్లో దాన్ని పట్టుకుని కూర్చునేదాన్ని. డిసెంబరు చలి, కిటికీ సందుల్లోంచి మంచు లోపలికి వచ్చేస్తుంది. ఇద్దరం ఒకే రగ్గు కప్పుకుని వర్గ సమీకరణాలు చేసేవాళ్ళం. నాకు ఓపిక తక్కువ. "ఎన్నిసార్లు చెప్పాలే!" అని రగ్గు లాగేసేదాన్ని. అది వణుకుతూ, "ఇంకోపాలి సెప్పు నేస్తం, ఈపాలి వొచ్చేస్తాది" అనేది. వచ్చేది కాదు.

కాఫీ పండే రోజుల్లో సెలవు పెట్టి ఇళ్ళకు వెళ్ళడం మాకు మామూలే. ఆ ఏడు కూడా వెళ్ళాం. కొన్నాళ్ళు మా తోటలో, కొన్నాళ్ళు వాళ్ళ తోటలో కోత. కాఫీ ఒకేసారి కోసెయ్యడానికి లేదు. ఎర్రగా పండినవి కోసి, పచ్చివి వదిలేసి, కొన్నాళ్ళాగి మళ్ళీ రావాలి. ఇంకో అలవాటుంది. ఎవరి వరస వాళ్ళు కోసుకుంటూ పోతారు గానీ, ముందు అయిపోయినవాళ్ళు బుట్ట దించి కూర్చోరు, పక్క వరసలోకి వెళ్ళి అవతలి చివర నుంచి కోస్తూ వస్తారు. ఎవరూ రమ్మనరు, ఎవరూ థాంక్స్ చెప్పరు. నేను కోస్తూ కోస్తూ సూత్రాలు అడిగేదాన్ని, అది నీడచెట్లకు పాకిన మిరియం తీగలు చూస్తూ ఏదో ఒకటి చెప్పేది. "ఈ తీగ మొదట్లో నీల్లు నిలబడిపోతన్నాయి, సచ్చిపోతాది" అనేది మధ్యలో. నాకు తిక్కరేగేది. తీగ చస్తే నీకేం, సూత్రం చెప్పు అనేదాన్ని. అది ముందు మొదట్లో మట్టి సర్ది, ఆ తర్వాతే సూత్రం చెప్పేది.

సెలవులయ్యాక ప్రీఫైనల్ పరీక్షలు వచ్చాయి. మొదటిది తెలుగు. దానికి ఇష్టమైన పేపరు కాబట్టి గంట ముందే రాసేసింది. నేను వ్యాసం దగ్గర ఆగిపోయి పెన్ను నములుతున్నాను. అది తన పేపరు మడిచి పక్కన పెట్టి, నా వైపు తిరిగి, గుసగుసగా కూడా కాదు, మామూలు గొంతుతో నా వ్యాసం చివరి పేరా చెప్పడం మొదలుపెట్టింది. గది మొత్తం తలెత్తి చూసింది. కాపలా ఉన్నది లెక్కల మాస్టారే.

"ఏటే, ఏటి సేత్తన్నావు? పరీచ్చలో మాటలేటి?"

"నాదయిపోయినాది సార్" అంది అది. దాచుకోవడానికేమీ లేదన్నట్టు నిలబడింది. "దానిది మిగిలిపోయినాది."

మాస్టారు ఇద్దర్నీ వరండాలోకి పంపేశాడు. అది తప్పని దానికి నిజంగా తోచలేదు, కాపీ కొట్టించడం అంటారని నేను చెబితే తెల్లబోయింది. "నాను నీది సూడలేదు కదా, నాకొచ్చింది నీకు సెప్పినాను. ఇందులో దొంగతనమేటుంది?" అని నన్నే అడిగింది. సాయంత్రం మాస్టారు మమ్మల్ని పిలిచి, పబ్లిక్ పరీక్షలో ఇలా చేస్తే ఇద్దరి చదువూ పోతుందని చాలాసేపు చెప్పాడు. అప్పుడు దాని ముఖంలో మొదటిసారి భయం చూశాను. "దానిది కూడా పోతాదా సార్?" అని మళ్ళీ మళ్ళీ అడిగింది.

లెక్కల ప్రీఫైనల్లో అది తప్పింది. నేను రాత్రి అన్నం తినలేదు. విజయనగరం, బైపీసీ, అస్థిపంజరం అన్నీ పోయినట్టే అనిపించి దుప్పటి ముసుగేసుకుని ఏడ్చాను. పొద్దున్న అదే నన్ను లేపింది. పేపరు మొదటి నుంచి చివరికి వరసగా చెయ్యాలనే నా పద్ధతి తనకు కుదరదని, ఇక నుంచి కాఫీ కోసినట్టు చేస్తానని చెప్పింది. ముందు పండినవి, తర్వాత దోరవి, పచ్చివి దేవుడికి. నేను మూతి తిప్పాను. మాస్టారు మాత్రం, "అలాగే సెయ్యవే, పాసవ్వడానికి పండినవి సాలు" అన్నాడు. పండినవి ఎక్కువ చెయ్యడమే మా పనైంది. గణాంకాలు పండాయి. సమితులు పండాయి. త్రికోణమితి మాత్రం పచ్చిగానే ఉండిపోయింది.

పబ్లిక్ పరీక్షలప్పుడు మెస్సులో మామిడికాయ పప్పు చేశారు. మా ఊళ్ళో ఇంకా మామిడి కొత్త కాలేదు, నేను తినకూడదు. అలాంటి పిల్లలం కొందరం ఉప్పు, చారుతో తిన్నాం. నేస్తం వాళ్ళ ఊళ్ళో కొత్త ముందే అయిపోయింది. అయినా అదీ పప్పు ముట్టుకోలేదు.

"మీది అయిపోయింది కదా, తిను" అన్నాను.

"నువ్వు తిననిది నానెలాగ తింతాను?" అంది.

పరీక్షల రోజుల్లో పస్తులేమిటని వార్డెనమ్మ కేకలేసింది. ఆవిడది కింద ఊరు. విషయం చెప్పాక మర్నాడు మా అందరికీ విడిగా టమాటా పప్పు వండించింది. అంత మంచి పప్పు నేను మళ్ళీ తినలేదు.

లెక్కల పరీక్ష రోజు మేమిద్దరం వేర్వేరు గదుల్లో పడ్డాం. బయటికొచ్చాక ఎలా రాశావని అడిగితే, "బుట్ట నిండలేదు గానీ అడుగు కనపడ్డం నేదు" అంది. ఆ మాట పట్టుకుని నేను ఏప్రిల్ అంతా గడిపాను.

ఫలితాలు వచ్చిన రోజు మా ఊరి పైన సిగ్నల్ అందే బండ దగ్గరికి అందరం ఎక్కాం. అంగన్‌వాడీ అక్క ఫోన్లో చూసింది. ముందు నాది చూస్తానంటే వద్దు, నేస్తానిది చూడమన్నాను. నెంబరు నేనే చెప్పాను. పాస్. లెక్కల్లో గట్టెక్కింది, అంతే, కానీ గట్టెక్కింది. నేను బండ మీద గంతులేస్తుంటే అక్క "నీది సూడక్కర్నేదేటే?" అని నవ్వింది. మా అయ్య ఆ సాయంత్రం గెడ్డ దాటి వాళ్ళింటికి వెళ్ళి కోడినిచ్చి వచ్చాడు.

జూన్‌లో మా అయ్య, నేస్తం, నేను శృంగవరపుకోట మీదుగా విజయనగరం వెళ్ళాం. ఘాట్ రోడ్డంతా అది కిటికీ దగ్గర కూర్చుని, ఏ మలుపులో ఏ చెట్టుందో చెబుతూనే ఉంది. కింద ఎండ మండిపోతోంది. కాలేజీ హాలంతా తల్లిదండ్రులు, ట్రంకుపెట్టెలు, నీళ్ళసీసాలు. మా వంతు వచ్చేసరికి నేస్తం పక్కన లేదు. టేబుల్ దగ్గరి మేడమ్ నా సర్టిఫికెట్లు చూసి, బైపీసీ సీటు, హాస్టల్ కూడా ఉన్నాయంది. మా అయ్య ముందుకు వంగి, "ఇద్దరమ్మా, ఇద్దరు గుంటలు" అన్నాడు.

"రెండో అమ్మాయి ఏది?"

నేను వరండాలోకి పరుగెత్తి "నేస్తం!" అని గట్టిగా అరిచాను. మెట్ల మీద కూర్చున్న కొండ ఆడవాళ్ళు ముగ్గురు నలుగురు తల తిప్పి చూశారు. పేరు పెట్టి అరవలేక, మళ్ళీ అలాగే అరిచాను. వేపచెట్టు కింద నుంచి వస్తూ కనిపించింది. ఒంటరిగా కాదు. ఏడ్చి ఏడ్చి కళ్ళు ఉబ్బిన ఒక అమ్మాయిని చెయ్యి పట్టుకుని లాక్కొస్తోంది. వెనకాల భుజాన తువ్వాలుతో ఆ అమ్మాయి నాన్న.

నేరుగా మా అయ్య ముందుకొచ్చి నిలబడింది.

"అయ్యా, ఇదిగో జోడు. ఈల్లది గుమ్మలక్ష్మీపురం వైపు. బైపీసీయే. ఒంటిగా వదల్నేను, ఎనక్కి తీసుకెల్లిపోతానంతన్నాడు ఈల్లయ్య."

మా అయ్యకు అర్థం కాలేదు. నాకూ అర్థం కాలేదు. "మరి నువ్వు?" అన్నాను.

"నాను రాను నేస్తం. కొండ మీద ఎవసాయం డిప్లొమా ఉన్నాది కదా, మా అక్క అత్తోరూరి పక్కన. అది సదువుతాను. సంకురాత్రి ముందే అనుకున్నాను."

"సంకురాత్రి ముందే అనుకుంటే నాకెందుకు చెప్పలేదే?"

"సెబితే నువ్వు లెక్కలు సెప్పడం మానేత్తువు. అయ్య నిన్ను బస్సెక్కనివ్వడు."

మా అయ్య ముఖం ఎర్రబడింది. "నన్ను మోసం సేసినావా?" అన్నాడు.

"మోసమేటి అయ్యా? జోడుంటే పంపుతానన్నావు. తెచ్చినాను. జోడు దొరక్కపోతే నానే చేరిపోదును, అందుకే కాయితాలు కూడా తెచ్చినాను. సూడు." సంచి తెరిచి చూపించింది. అన్నీ ఉన్నాయి.

ఆయన ఆ కాగితాల వంక, దాని వంక మార్చి మార్చి చూశాడు. ఆ కొత్త అమ్మాయి నాన్న కూడా ఇబ్బందిగా నిలబడ్డాడు.  ఇప్పుడు నన్ను తీసుకుని వెళ్ళిపోతాడనే అనుకున్నాను. మా అయ్య తువ్వాలుతో మెడ తుడుచుకుని ఆయన్ని అడిగాడు.

"మీ దగ్గర జీడి ఎలాగుంది ఈ ఏడు?"

"మంచు కొట్టీసింది బాబూ. పువ్వంతా రాలిపోయినాది."

అలా మొదలై వర్షాలు, చింతపండు, ఎలుగుబంట్లు అన్నీ అయ్యాయి. ఆ అమ్మాయి, నేను ఒకరినొకరం చూసుకుంటూ నిలబడ్డాం. చాలాసేపటికి మా అయ్య మేడమ్ దగ్గరికి తిరిగొచ్చి, "రాసీయండమ్మా. ఇద్దర్నీ ఒక్క గదిలో పెట్టండి" అన్నాడు.

సాయంత్రం అయ్యనూ నేస్తాన్నీ బస్సెక్కించడానికి నన్ను బస్టాండు దాకా వెళ్ళనిచ్చారు. అప్పటిదాకా నాకు కోపంగానే ఉంది. బస్సు ఎక్కాక అది కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి నా చెయ్యి పట్టుకుంది. ఆ చేతిని పట్టుకున్నాక నాకు తట్టింది. చలిలో నేను రగ్గు లాగేసినప్పుడు, ప్రీఫైనల్ తప్పినప్పుడు, తనకు ఇష్టం లేని ఆ లెక్కల్లో మొదటిసారికే గట్టెక్కాలని అంత పట్టుబట్టింది నా కోసం. అదే ఇంకెవరైనా అయితే సప్లిమెంటరీ రాసుకుందాంలే అనుకునేవాళ్ళు. నాకు ఏడుపొచ్చింది. నలుగురూ చూస్తున్నా ఏడ్చాను. మా అయ్య అటు తిరిగి కూర్చున్నాడు.

బస్సు కదులుతోంది. నేస్తం తల బయటపెట్టింది. దాని ముఖంలో కాస్త దిగులు, తరగతిలో లెక్కల గంట కొట్టినప్పటి దిగులు.

"నేస్తం, ఆ ఎవసాయం సదువులో కూడా లెక్కలుంతాయేటి?"

ఉంటాయి. లెక్కలు లేని చదువే లేదని మా మాస్టారు ఒకసారి నాతో అన్నాడు.

"ఉండవే" అన్నాను. బస్సు పక్కన నడుస్తూ మళ్ళీ చెప్పాను, "అస్సలుండవు."